ఏడో తీగ ఎక్కడ తేవాలి?

కాగితం మీద ఏడు గీతలున్నాయి. చేతిలోని గిటారుకి ఆరు తీగలే ఉన్నాయి.

మెటల్ సంగీతం పిచ్చి పట్టిన కుర్రాడికి ఏదో ఒకరోజు ఈ కష్టం వచ్చే తీరుతుంది. నెలల తరబడి చెవుల్లో మోగుతున్న పాట. ఎలాగైనా వాయించాలని ట్యాబ్ సంపాదిస్తాడు. ట్యాబ్ అంటే మరేం కాదు... తీగల్ని గీతలుగా గీసి, ఏ తీగని ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో ఆ గీత మీద అంకె వేసి చూపించే పద్ధతి. స్వరలిపి చదవడం రానివాళ్లకి అదే పెద్ద బాలశిక్ష. తీరా చూస్తే అందులో అడుగున ఇంకో గీత! పాట మొత్తానికి ఒళ్లు జలదరింపజేసే ఆ గుర్రుమనే శబ్దమంతా దాని మీదే ఉంది.

'ఈ పాట వదిలేద్దాంరా' అంటాడు వాడు నీరసంగా.

'వదిలేస్తే ఎలారా, కాలేజీ ఫెస్ట్‌కి ఇదే వాయిద్దామనుకున్నాంగా?' అంటాడు బేస్ గిటారు వాయించే స్నేహితుడు.

'మరి ఏడో తీగ ఎక్కడ తేవాలి? మీ తాత ఇస్తాడా?'

తాతగారిని ఇబ్బంది పెట్టక్కర్లేదు. ముందు ఒక లెక్క చూసుకోవాలి. చాలామంది ఈ లెక్క చూడకుండానే కొత్త గిటారు కోసం ఇంట్లో పోట్లాట మొదలుపెడతారు.

మామూలు గిటారులో అన్నిటికన్నా లావు తీగ ఆరోది. దాన్ని 'ఇ' అనే స్వరానికి బిగిస్తారు. సెకనుకి సుమారు 82.4 కంపనాలు. ఏడు తీగల గిటారులో దానికన్నా లావుగా ఇంకోటుంటుంది. దాని స్వరం 'బి', కంపనాలు 61.7. ఈ రెంటి మధ్యా ఉన్న స్వరస్థానాలెన్ని? బి, సి, సి షార్ప్, డి, డి షార్ప్. అయిదంటే అయిదు! ఆ తర్వాతి స్వరం 'ఇ'... అది ఆరు తీగల గిటారులో ఎలాగూ ఉంది. అంటే ఏడో తీగ కొత్తగా తెచ్చిచ్చేది అయిదు స్వరాల్నే. మిగిలినవన్నీ అందరి దగ్గరా ఉన్నవే. కాకపోతే అవి ఇంకోచోట ఉన్నాయి.

కాబట్టి చేయాల్సిన మొదటి పని, పెన్సిల్ తీసుకుని ట్యాబ్‌లో ఆ అడుగు గీత మీదున్న అంకెల్ని చూడటం. 0, 1, 2, 3, 4... వీటి చుట్టూ సున్నా చుట్టాలి. అసలు సమస్య ఇవే. 5, ఆపైన ఉన్న అంకెలకి భయపడక్కర్లేదు. అయిదు తీసేసి ఆరో తీగ మీద రాసుకుంటే సరి. ఏడో తీగ మీద 7 అంటే ఆరో తీగ మీద 2. అక్కడ 12 అంటే ఇక్కడ 7. స్వరం అదే, ఎత్తు అదే, చెయ్యి పెట్టే చోటు ఒక్కటే మారింది.

రెండుమూడు తీగల్ని కలిపి కొట్టే పవర్ కార్డ్ అయితే అన్నిటినీ ఒక తీగ పక్కకి జరపాలి, అన్నింట్లోంచీ అయిదు తీసెయ్యాలి. ఏడో తీగ మీద 7, ఆరు మీద 9, అయిదు మీద 9 ఉన్నాయనుకోండి. అవి కాస్తా ఆరు మీద 2, అయిదు మీద 4, నాలుగు మీద 4 అవుతాయి. వేళ్ల ఆకారం కూడా మారదు.

ఇలా చేస్తూ పోతే కొన్ని పాటల్లో ఆశ్చర్యం ఎదురవుతుంది. ఏడో తీగ మీద వాయించిన ముక్క అంతా తీరా చూస్తే ఆరో తీగ మీదే ఇమిడిపోతుంది. అసలు వాద్యకారుడు ఏడో తీగని కేవలం చెయ్యి కదపక్కర్లేకుండా సౌకర్యం కోసం వాడుకున్నాడన్నమాట. ఇంకొన్ని పాటల్లో మాత్రం పేజీ నిండా సున్నాలే మిగులుతాయి. పాటంతా ఆ ఒక్క ఖాళీ తీగ మీదే నడుస్తుంటుంది. అక్కడ మొదలవుతుంది అసలు పని.

ఆ పనిలోకి దిగేముందు ఈ ఏడో తీగ ఎక్కణ్నుంచి వచ్చిందో కాస్త తెలుసుకోవాలి. ఎందుకంటే దీని కథ 'బరువైన సంగీతానికి ఏడు తీగలుండాల్సిందే' అన్న మాటని పూర్తిగా నిలబెట్టదు.

రష్యాలో ఏడు తీగల గిటారు ఎప్పట్నుంచో ఉంది. దాని శ్రుతి వేరు, సంప్రదాయం వేరు. అమెరికాలో జార్జ్ వాన్ ఎప్స్ అనే జాజ్ విద్వాంసుడు 1930ల చివర్లో ఏడు తీగల గిటారు చేయించుకున్నాడు. పాటకి తానే బేస్ స్వరాలు కూడా వాయించుకోవాలని ఆయన కోరిక. గర్జనలూ బీభత్సాలూ ఆయన ఊహలో కూడా లేవు. 1990లో స్టీవ్ వాయ్ కోసం ఐబానెజ్ కంపెనీ యూనివర్స్ అనే ఏడు తీగల గిటారుని మార్కెట్లోకి తెచ్చింది. వాయ్ దాన్ని వేగానికీ విన్యాసానికీ వాడాడు. ఆ గిటారు కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కుర్రాళ్ల చేతిలో పడ్డాక దాని జాతకం మారింది. కోర్న్ బ్యాండ్‌లోని ఇద్దరు గిటారిస్టులూ ఏడు తీగల్నీ మరో రెండు స్వరస్థానాలు కిందకి దించి, లావు తీగని 'ఏ' దాకా తీసుకెళ్లారు. 1994లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌తో ఆ మోత ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది డ్రీమ్ థియేటర్ 'అవేక్' ఆల్బమ్‌లో జాన్ పెట్రూచీ కూడా ఏడు తీగలు పట్టాడు.

బాగానే ఉంది. మరి అంతకుముందు అంత కిందకి ఎవరూ దిగలేదా? శుభ్రంగా దిగారు. అదీ ఆరు తీగలతోనే! స్టాక్‌హోమ్‌కి చెందిన ఎన్‌టూంబ్డ్ 1990లో తెచ్చిన మొదటి ఆల్బమ్, ఇంగ్లండ్ బ్యాండ్ కార్కస్ 1993లో తెచ్చిన 'హార్ట్‌వర్క్'... ఇవన్నీ మామూలు ఆరు తీగల గిటార్లని 'బి' దాకా వదులు చేసి వాయించినవే. ఇంకా వెనక్కి వెళితే బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ కనిపిస్తాడు. రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా మిషన్‌లో పడి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అప్పుడాయన వయసు పదిహేడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు. తీగలు మరీ బిగువుగా ఉంటే నొప్పి కదా, సన్నవి వేసుకున్నాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. 1971లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో మూడు స్వరస్థానాలు కిందకి దిగిన గిటారు వినిపిస్తుంది. మెటల్ సంగీతపు బరువుకి ఒక మూలం ఆ తెగిన వేళ్ల దగ్గరుంది.

సరే, మళ్లీ కుర్రాడి దగ్గరికొద్దాం. పేజీ నిండా సున్నాలు చుట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు కదా. వాడి ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఖర్చు లేని దారి. ఏడు తీగల గిటారులో అడుగు నాలుగు తీగలూ బి, ఇ, ఏ, డి. ఆరు తీగల గిటారులో అడుగు నాలుగూ ఇ, ఏ, డి, జి. రెంటిలోనూ తీగకీ తీగకీ మధ్య దూరం ఒకటే... అయిదు స్వరస్థానాలు. అంటే ఏడో గీత మీదున్నదాన్ని ఆరో గీత మీదకి, ఆరోదాన్ని అయిదో దాని మీదకి అలాగే దించేసుకుని అవే ఫ్రెట్లు నొక్కితే పాట అచ్చుగుద్దినట్లు వస్తుంది. కాకపోతే మొత్తం పాట అయిదు స్వరస్థానాలు పైకి లేస్తుంది. ఒక చిన్న మెలిక ఉంది. ఏడు తీగల గిటారులోని మూడో తీగ ముక్కలు ఇక్కడ రెండో తీగ మీదకొచ్చేటప్పుడు ఒక ఫ్రెట్ కలుపుకోవాలి. మొదటి తీగ ముక్కలకి వెళ్లడానికి వేరే తీగ లేదు కాబట్టి అవి అదే తీగ మీద అయిదు ఫ్రెట్లు పైకెక్కుతాయి. రిఫ్ మాత్రమే వాయించేవాడికి ఈ గొడవ ఉండదు. రిఫ్‌లు ఎక్కువగా లావు తీగల మీదే తిరుగుతాయి.

ఇది మన సంగీతం తెలిసినవాళ్లకి కొత్త కాదు. పున్నాగవరాళి లాంటి రాగాల్ని మధ్యమ శ్రుతిలో పాడటం లేదూ! మధ్యమాన్నే షడ్జమంగా పెట్టుకుని పాడేస్తారు. 'బి' షడ్జమం అయితే 'ఇ' సరిగ్గా శుద్ధ మధ్యమం. కుర్రాడు తనకి తెలియకుండానే మధ్యమ శ్రుతిలోకి వచ్చాడన్నమాట. కచేరీలో ఎవరూ దాన్ని తప్పు పట్టరు. ఒకటో శ్రుతిలో పాడినా అయిదో శ్రుతిలో పాడినా మోహన మోహనే.

మెటల్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ న్యాయం సగమే చెల్లుతుంది. అక్కడ స్వరాల మధ్య సంబంధం ఎంత ముఖ్యమో, శబ్దం ఎంత లోతు నుంచి వస్తోందన్నదీ అంతే ముఖ్యం. ఎద్దు రంకెని అయిదు మెట్లు పైకి లేపితే దూడ అరుపవుతుంది. రాగం చెడదు, భయం పోతుంది. ఇంకో చిక్కు గాయకుడితో. అతను కేవలం గర్జించే రకమైతే ఏ బాధా లేదు. గర్జనకి శ్రుతి ఏముంది! మధ్యలో రాగయుక్తంగా పాడే ఘట్టం ఉంటే మాత్రం అయిదు స్వరస్థానాలు పైకెత్తమనడం పాపం. గొంతు చిరుగుతుంది. ఇంట్లో ఒక్కడే సాధన చేసుకోవడానికి, వేళ్లకి పాట నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. స్టేజీ మీదకి మాత్రం ఆలోచించుకుని వెళ్లాలి.

రెండో దారి గిటారునే కిందకి దించడం. వినడానికి తేలిక. బిరడాలు తిప్పడమే కదా! అలా తిప్పినవాడికి ఏమవుతుందో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. తీగలు బట్టలారేసిన తాడులా వేలాడతాయి. కొడితే ఫ్రెట్లకి తగిలి గరగరమంటాయి. నొక్కితే అపస్వరం. ఎందుకిలా? తీగ పొడవూ లావూ మారకుండా స్వరాన్ని దించాలంటే బిగువు తగ్గించాలి. స్వరం నాలుగింట మూడు వంతులకి దిగితే, బిగువు దాని వర్గం లెక్కన సుమారు 56 శాతానికి పడిపోతుంది. మామూలు సెట్టులో లావు తీగ మందం 46... అంటే అంగుళంలో వెయ్యింట 46 వంతులు. 'ఇ' దగ్గర దాని మీద దాదాపు 8 కిలోల బిగువుంటుంది. 'బి'కి దించితే అది నాలుగున్నర కిలోలే. అంత వదులు తీగని గట్టిగా కొట్టగానే స్వరం ముందు పైకెగిరి తర్వాత తన చోటికి దిగుతుంది. వేగంగా కొట్టే రిఫ్‌లో ఇక ఏ స్వరం ఏదో తెలీదు.

పోయిన బిగువు తిరిగి రావాలంటే తీగ లావెక్కాలి. లెక్క ప్రకారం 46 ఉన్నచోట సుమారు 61 కావాలి. అందుకే బజారులో బారిటోన్ సెట్ల పేరుతో దొరికే వాటిల్లో లావు తీగ 60, 62 ఉంటుంది. ఇక్కడో చిట్కా ఉంది. చాలామందికి ఇది తట్టదు. ఏడు తీగల గిటారు సెట్టే కొని, అందులోని అన్నిటికన్నా సన్న తీగని పక్కన పడేసి, మిగతా ఆరింటినీ ఆరు తీగల గిటారుకి వేసుకోవచ్చు. బి, ఇ, ఏ, డి, జి, బి. ప్రతి తీగా తనకి అలవాటైన స్వరం దగ్గరే ఉంటుంది కాబట్టి బిగువు గురించి బెంగ లేదు. పైగా ట్యాబ్‌లో ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు. కింది గీత నుంచి ఆరు గీతల్ని యథాతథంగా చదువుకోవడమే. పోయేది మొదటి తీగ ఒక్కటే. దాని మీద సోలో ఉంటే అయిదు ఫ్రెట్లు పైకి రెండో తీగ మీద వాయించుకోవాలి. 22 ఫ్రెట్ల గిటారు అయితే మొదటి తీగ 17వ ఫ్రెట్ దాకా ఉన్న స్వరాలన్నీ అలా దొరుకుతాయి. అంతకన్నా పైన కీచుమనే స్వరం ఏదైనా ఉంటే దాన్ని రెండో గిటారిస్టుకి అప్పగించడమో, తీగని లాగి సాధించడమో చేయాలి.

ఖాళీ తీగని 'ఏ' దాకా దించి ఒకే వేలితో పవర్ కార్డులు వాయించే పాటలు కూడా చాలా ఉన్నాయి. ఆ లావు తీగని మరో రెండు స్వరస్థానాలు దించితే అవీ వచ్చేస్తాయి. కోర్న్ పాటలైతే ఆరు తీగల్నీ తలో రెండు స్వరస్థానాలు దించుకోవాలి.

అయితే ఈ దారిలో జాగ్రత్త పడాల్సిన ఘట్టం ఒకటుంది. గిటారు మెడ చివర తీగలు కూర్చునే చిన్న ఎముక పట్టీ ఉంటుంది. దాన్ని నట్ అంటారు. 46 మందానికి కోసిన గాడిలో 60 మందపు తీగ కూర్చోదు. కొందరు వీరులు వెంటనే ఆకురాయి అందుకుంటారు. గాడి వెడల్పు చేయడం రెండు నిమిషాల పని. దాన్ని మళ్లీ సన్నం చేయడం మాత్రం కుదరదు. లోతు ఎక్కువైతే ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కి తగిలి మొరాయిస్తుంది. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క గిటారు. అదీ అన్నయ్య మొదటి జీతంతో కొనిచ్చింది. అలాంటప్పుడు పాత నట్‌ని జాగ్రత్తగా ఊడదీయించి దాచుకుని, ఈ లావు తీగల కోసం వేరే నట్ పెట్టించుకోవడం మంచిది. రేపు మనసు మారి మామూలు పాటల్లోకి రావాలంటే పాతది ఉండనే ఉంటుంది. తీగల లావు మారాక గిటారు మెడ వంపు కూడా కాస్త మారుతుంది. లోపలి ఇనుప కడ్డీని సరిచేయాలి. పావు చుట్టు తిప్పి, ఆగి, చూసి, మళ్లీ పావు చుట్టు. కింద బ్రిడ్జి దగ్గర తీగ నిలిచే చోటుని కూడా వెనక్కి జరపాలి. లేకపోతే ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంటుంది, పన్నెండో ఫ్రెట్ నొక్కితే బాకా ఊదుతుంది. స్ప్రింగుల మీద తేలే ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జి ఉన్నవాళ్లకి ఈ మార్పులన్నీ రెట్టింపు ప్రాణసంకటం. ఒక తీగ బిగిస్తే మిగతా అయిదూ దిగిపోతాయి. వాళ్లు మొదటి దారే నయమనుకుంటే తప్పులేదు.

మధ్యలో అడ్డదారి కూడా ఒకటుంది. కాలితో నొక్కే పెడల్. గిటారు 'ఇ' అంటే అది 'బి' అని పలుకుతుంది. డిజిటెక్ వాళ్ల డ్రాప్ అలాంటిదే. ఒకటి రెండు స్వరస్థానాలు దించినప్పుడు పెద్దగా తేడా తెలీదు. అయిదు దించేసరికి శబ్దం కొంచెం ముద్దకడుతుంది. ఒకే కచేరీలో నాలుగు రకాల శ్రుతులున్న పాటలు వాయించేవాళ్లకి మాత్రం ఇది వరమే.

ఇక మూడో దారి. అన్నిటికన్నా ఆలోచన ఎక్కువ, ఖర్చు తక్కువ. ఆ అయిదు స్వరాల్ని గిటారు వాయించకపోతే ఏమవుతుంది?

పాటలో అవి ఏం చేస్తున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. ఒక రిఫ్‌లో స్వరాలు పై నుంచి దిగుతూ వచ్చి చివర్లో ఒక్కసారి ఆ అడుగు 'డి'ని తాకి వెళ్లిపోతుంటే, దాన్ని పై స్థాయిలోని 'డి'గా వాయించినా వినేవాడి చెవి క్షమించేస్తుంది. నాలుగు నిమిషాల పాటలో మూడుచోట్ల ఇలా చేసినవాణ్ని ఎవరూ పట్టుకోలేరు. అదే ఖాళీ తీగని అరచేతి అంచుతో అదిమిపెట్టి దడదడలాడించే ఘట్టమైతే పై స్థాయిలో వాయించకూడదు. తలుపు మీద గుద్దాల్సినచోట చిటికె వేసినట్లుంటుంది.

అలాంటి చోటే పక్కనున్న స్నేహితుడు అక్కరకొస్తాడు. మామూలు నాలుగు తీగల బేస్ గిటారులో లావు తీగ 41.2 కంపనాల దగ్గరుంటుంది. ఏడో తీగ 'బి' 61.7. అంటే గిటారుకి అందని ఆ స్వరం బేస్ గిటారులో అడుగున కూడా కాదు, నడిమధ్యలో ఉంది! బేస్ మూడో తీగ రెండో ఫ్రెట్ నొక్కితే సరిగ్గా అదే 'బి'. మూడో ఫ్రెట్ 'సి', నాలుగు 'సి షార్ప్'. పక్కనున్న ఖాళీ తీగ 'డి', దాని మొదటి ఫ్రెట్ 'డి షార్ప్'. అయిదు స్వరాలూ నాలుగు వేళ్ల కింద ఉన్నాయి. బేస్ శబ్దానికి కూడా కాస్త డిస్టార్షన్ తగిలించి, ఆ ముక్కల్ని అతను గిటారు స్థానంలో వాయిస్తే, గిటారు కుర్రాడు అదే లయని పై స్థాయిలో వాయిస్తూ దానికి పదును పెడతాడు. ఏడో తీగ ఎక్కడుందని తాతని వెతకబోయారుగానీ, అది అడిగినవాడి పక్కనే, స్నేహితుడి ఒళ్లో ఉంది.

దీనికి భౌతికశాస్త్రం కూడా కొంత సాయం పడుతుంది. డిస్టార్షన్ బాగా పెట్టిన ఆంప్‌లోంచి రెండు స్వరాలు కలిసి వెళితే, వాటి కంపనాల తేడాకి సమానమైన మూడో స్వరం కూడా పుడుతుంది. గిటారు అయిదో తీగ రెండో ఫ్రెట్ మీద 'బి', 123.5. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ మీద 'ఎఫ్ షార్ప్', 185. రెండూ కలిపి కొడితే తేడా 61.5. ఏడో తీగకి దాదాపు అతుక్కుని ఉన్న స్వరం! పవర్ కార్డ్ ఒంటి స్వరం కన్నా అంత బరువుగా వినిపించడానికి ఇదీ ఒక కారణం. కాబట్టి ఒంటి 'బి'ని పై స్థాయికి ఎత్తినచోట దానికి తోడుగా 'ఎఫ్ షార్ప్'ని కలపాలి. డిస్టార్షన్ తీసేస్తే ఈ గారడీ పనిచేయదు.

ఇంకో విశేషం. గిటారు ఆంప్‌లలో వాడే 12 అంగుళాల స్పీకర్లు 70-80 హెర్ట్జ్ కిందకి దిగేసరికి నీరసపడిపోతాయి. అంటే ఏడో తీగ మూల స్వరం అసలు స్పీకర్లోంచే సరిగ్గా బయటికి రాదు. 123, 185, 247 దగ్గరుండే దాని ఉపస్వరాలు వస్తాయి. వాటిని విని, అడుగున ఉండాల్సిన స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. రికార్డులో వినిపించే ఆ లోతులో చాలాభాగం బేస్ గిటారుది, డ్రమ్ముది. ఇంట్లో ఒక్కడే గిటారు పట్టుకుని 'రికార్డులోలా రావట్లేదే' అని ఏడు తీగలున్నవాడు కూడా బాధపడుతుంటాడు.

తీగల సంఖ్య గురించి మాట్లాడుతూ పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ని తలుచుకోకుండా ఉండటం కష్టం. మాండొలిన్‌కి సంప్రదాయంగా నాలుగు జంటల తీగలు. కర్ణాటక సంగీతంలో గమకం పలకాలంటే జంట తీగలతో కష్టం, మంద్రస్థాయికి చోటు చాలదు. ఆయన జంటల్ని తీసేసి అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌ని చేతపట్టాడు. కుర్రాడికి వచ్చిన చిక్కు తిరగేసి ఆయనకి వచ్చింది. ఇక్కడ గిటారు మారదు, పాటని ఒప్పించాలి. అక్కడ త్యాగరాజ కృతిని మార్చడానికి వీల్లేదు, వాద్యం దిగిరావాలి.

మెటల్ పాట మాత్రం దిగిరావడానికి ఒప్పుకుంటుంది. స్వీడన్‌లోని ఉమియా పట్నానికి చెందిన మెషుగా సంగతే చూడండి. వాళ్ల రిఫ్‌లలో చాలాసేపు ఒకటి రెండు స్వరాలే తిరుగుతుంటాయి. కథంతా లయలో ఉంటుంది. డ్రమ్మర్ ఒక చేత్తో నాలుగు లెక్కన తాళం నిలబెడుతుంటే గిటార్లు దాని మీద బేసి లెక్కల్లో వెళ్లి ఎక్కడో కలుస్తాయి. చేత్తో ఆదితాళం వేస్తూ మృదంగం మీద ఖండగతి ముక్తాయింపు విన్నవాళ్లకి ఆ తికమకలోని సుఖం వెంటనే అర్థమవుతుంది. అలాంటి పాటని 'ఇ'కి ఎత్తినా సగానికి పైగా బతుకుతుంది. లయ తప్పితే మాత్రం ఎన్ని తీగలున్నా ఏమీ మిగలదు.

ఆ మెషుగాయే 2002లో 'నథింగ్' అనే ఆల్బమ్ చేస్తూ ఇదే ఇరకాటంలో పడింది. పాటలు ఎనిమిది తీగల గిటార్ల కోసం తయారయ్యాయి. గిటార్లు మాత్రం రికార్డింగ్ నాటికి పనికొచ్చే స్థితిలో లేవు. చేసేదిలేక, ఉన్న ఏడు తీగల గిటార్లనే ఇంకా కిందకి దించి రికార్డింగ్ కానిచ్చేశారు. నాలుగేళ్ల తర్వాత ఎనిమిది తీగలు చేతికొచ్చాక 2006లో ఆ గిటార్లన్నీ మళ్లీ వాయించి అదే ఆల్బమ్‌ని కొత్తగా విడుదల చేశారు. రెండూ దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి వింటే ఎనిమిదో తీగ ఎక్కడెక్కడ పలికిందో తెలుస్తుంది. అయినా ఆ వదులు తీగల పాత రికార్డే ఇష్టమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.